సబ్బు ఎవరిది? మురికి ఎవరిది?

నిరుడు మా నాతవరం పల్లెలో ఆడవాళ్ళకు ట్రైనింగు పెట్టారు. సబ్బు తయారీ, ఫినాయిలు తయారీ. కమ్యూనిటీ హాలుకు బ్యానరు కట్టారు. బ్యానరులో ఒక మూల బాబాసాహెబ్ బొమ్మ, మిగతా మూడు మూలలా నాయకుల బొమ్మలు. మా అక్కలూ వదినలూ ఇరవైమంది దాకా కూలి మానుకుని వెళ్ళి కూర్చున్నారు. నేర్చుకున్నారు. కిలో కొబ్బరినూనెకు 180 గ్రాముల దాకా కాస్టిక్ సోడా. కాస్టిక్‌ను నీళ్ళలో వెయ్యాలి తప్ప కాస్టిక్ మీద నీళ్ళు పొయ్యకూడదు, పోస్తే ఎగిరి మొహాన పడుతుంది. కలిపిన నీళ్ళు పొగలు కక్కుతాయి. అవి చల్లారాక నూనెలో పోసి గంజిలా చిక్కబడేదాకా తిప్పాలి. అచ్చుల్లో పోసి, కోసి, నాలుగు వారాలు ఆరబెట్టాలి. ఇద్దరికి చేతులు కాలాయి. అయినా సబ్బు వచ్చింది. నురగ వచ్చింది. సర్టిఫికెట్లు వచ్చాయి. ఫోటో పేపర్లో వచ్చింది.

సబ్బులు గంపలో పెట్టుకుని మా వదిన ఊళ్ళో కొట్టుకు వెళ్ళింది. కొట్టాయన ఒకటి తీసి వాసన చూశాడు.

"సబ్బు బాగానే ఉన్నాది గానీ, ఎవులు సేసేరని అడిగితే నానేటి సెప్పాలి?"

"మేమే సేసినామని సెప్పండి బాబూ."

"అందుకే గదే వొద్దంతన్నాను."

అంతే. గంప తిరిగొచ్చింది. ఆ కొట్టులో ఆయన వెనకాల అరమీద కంపెనీ సబ్బులు వరసగా ఉన్నాయి. ఎర్రవి, పచ్చవి, గులాబీవి. వాటిని ఎవరు చేశారని ఏ గిరాకీ అడగడు. అడిగినా ఆయనకు తెలియదు. ఎవరి చేతులు ముట్టుకున్నాయో తెలియనంతకాలం సబ్బు శుభ్రం! చేసిన మనిషి ఎదురుగా నిలబడితే ఆ సబ్బు అంటు!

దీన్ని మేము కొట్టాయన తప్పుగా చూసి ఊరుకోదలుచుకోలేదు. ఆయన ఒక్కడే అయితే ఈ కాగితం ఖర్చు దండగ. "మీరు శుభ్రంగా ఉండరు గనకే మిమ్మల్ని దూరం పెట్టాం" అనే మాట వేల ఏళ్ళుగా వింటున్నాం. ఇవాళ దాన్ని పైకి అనడానికి చట్టం భయం. లోపల మాత్రం చెక్కు చెదరలేదు. అందుకని ఆ శుభ్రతకు గుర్తుగా పెట్టుకున్న సబ్బునే పట్టుకుని అడుగుదాం. ఇది ఎవరి తెలివి? ఎవరి చెమట? ఎవరి లాభం?

రెండు సగాలూ మనవే

సబ్బు అంటే బ్రహ్మవిద్య కాదు. కొవ్వు ఒక సగం, క్షారం ఒక సగం. రెండింటినీ వేడిమీద కలిపితే కొవ్వు విరిగి సబ్బూ, గ్లిజరినూ అవుతాయి. ప్రపంచంలో ఏ ఫ్యాక్టరీకి వెళ్ళినా లోపల జరిగేది ఇదే.

ఇప్పుడు చెప్పండి. ఈ దేశంలో కొవ్వు సంగతి ఎవరికి తెలుసు? చచ్చిన గొడ్డును ఊరవతలికి ఈడ్చి, తోలు ఒలిచి, సున్నం పెట్టి, తంగేడు చెక్కతో ఊనిన మాదిగకు తెలుసు. క్షారం సంగతి ఎవరికి తెలుసు? చవుడు నేలలు వెతికి, చవుడు మట్టి తెచ్చి, బట్టలు అందులో ముంచి, ఉబ్బకు పెట్టి ఉడికించిన చాకలికి తెలుసు. ఏ కాయ నలిపితే నురగ వస్తుందో, ఏ కాయ పొడి జుట్టు జిడ్డు తీస్తుందో ఎవరికి తెలుసు? కొండెక్కి కుంకుళ్ళు దులిపిన, శీకాయ ఏరిన ఆదివాసీకి తెలుసు. కొవ్వు మాదిగది, క్షారం చాకలిది, నురగ ఆదివాసీది. శాస్త్రం మొత్తం ఊరి బయటే ఉంది. ఊరి నడిమధ్య ఉన్నవాడికి తెలిసింది ఒక్కటే: ఒళ్ళు రుద్దుకోవడం, రుద్దుకుని మనల్ని చూసి ముక్కు మూసుకోవడం!

ఈ రెండు సగాల్నీ కలపకుండా ఆపింది కులం. మాదిగ చెయ్యి చాకలి ముట్టడు, చాకలి కుండ మాదిగ ముట్టరాదు. కులం పనిని కాదు, పనిచేసే మనుషుల్నే ముక్కలు చేస్తుందని బాబాసాహెబ్ 1936లోనే తేల్చి చెప్పాడు. ఆ ముక్కలు చెయ్యకుండా ఉంటే మన పల్లెల్లోంచే సబ్బు పుట్టి ఉండేది. పుట్టలేదు. 1888లో ఇంగ్లండు లీవర్ కంపెనీ సన్‌లైట్ సబ్బు పెట్టెలు కలకత్తా ఓడరేవులో దింపింది. 1895లో లైఫ్‌బాయ్ దిగింది. అప్పుడు మన దొరలందరూ దాన్ని కళ్ళకద్దుకుని కొన్నారు.

మడి కట్టుకున్న కొవ్వు

అక్కడితో కథ అయిపోలేదు. ఆ సబ్బుల్లో ఉన్నదేమిటి? గొడ్డు కొవ్వు. టాలో అని ముద్దుపేరు. ఆ సంగతి తెలిసే 1918 ప్రాంతంలో గోద్రెజ్ కంపెనీ జంతువు కొవ్వు లేని సబ్బు చేశామని చెప్పుకుని మార్కెట్లోకి వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా విదేశాల నుంచి గొడ్డు కొవ్వు దిగుమతి సాగుతూనే ఉంది. 1983లో అది వనస్పతిలో కూడా కలుస్తోందని బయటపడింది. దేశమంతా గగ్గోలు లేచింది. అప్పుడుగానీ దిగుమతి ఆపలేదు.

ఆ గగ్గోలు గుర్తుచేసుకోండి. తింటే పాపం అన్నారు. మరి అన్నాళ్ళూ ఒంటికి రుద్దుకున్నదో? పొద్దున్నే తలారా స్నానంచేసి, మడి కట్టుకుని, పూజగదిలోకి వెళ్ళినవాళ్ళ ఒంటిమీద ఉన్నదేమిటి? మాదిగ చేతిలో ఉన్నంతసేపూ ఆ కొవ్వు మైల. ఓడ దాటి, ఫ్యాక్టరీ గేటు దాటి, గంధం వాసన కలిపి, రంగు కాగితం చుడితే మడి! కొవ్వుకు కులం పోయింది. ముట్టుకున్న మనిషికి మాత్రం పోలేదు. కొవ్వుకు ఇచ్చిన మర్యాద మనిషికి ఇవ్వని దేశం ఇది.

1927లో మహద్ చెరువులో బాబాసాహెబ్, ఆయన వెంట వేలమంది నీళ్ళు తాగినప్పుడు అక్కడి అగ్రవర్ణాల వాళ్ళు ఏం చేశారు? 108 కుండల్లో పేడ, మూత్రం, పాలు, పెరుగు కలిపి చెరువులో పోసి శుద్ధి చేశామన్నారు. మనిషి దోసిలి పడితే మైల, పేడ పడితే శుద్ధి! 1985లో కారంచేడులో మాదిగలు తాగే చెరువును గేదెల మురికితో పాడు చేస్తుంటే అడ్డుకున్నారు. మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తి ఎదురు తిరిగింది. తెల్లారి, జూలై 17న, ఆరుగురిని నరికి చంపారు. నీళ్ళు శుభ్రంగా ఉండాలన్నది ఎవరు? నీళ్ళు మురికి చేసింది ఎవరు? చరిత్రలో ఈ లెక్క ఒక్కసారి సరిగ్గా చూసుకున్నవాడు మనకు శుభ్రత పాఠం చెప్పడానికి నోరు తెరవడు.

గేటు లోపల

ఇవాళ గొడ్డు కొవ్వు స్థానంలో పామాయిల్ వచ్చింది. మలేషియా, ఇండోనేషియాల నుంచి ఓడల్లో వస్తుంది. మన రాష్ట్రంలోనూ తోటలు పెరుగుతున్నాయి, దేశంలో పామాయిల్ గెలలు ఎక్కువ పండేది ఆంధ్రలోనే. ఫ్యాక్టరీలో నూనెను కాస్టిక్‌తో ఉడికిస్తారు. ఉప్పునీళ్ళు పోసి సబ్బును విడగొడతారు. అడుగున దిగిన నీళ్ళలోంచి గ్లిజరిన్ తీస్తారు. వంద కిలోల కొవ్వుకు పది కిలోల దాకా వచ్చే ఈ గ్లిజరిన్ క్రీములకూ మందులకూ పోతుంది. సబ్బును ఆరబెట్టి సేమియాలా తీస్తారు. దానికి రంగు, సెంటు, తెల్లదనానికి టైటానియం పొడి కలిపి, రోలర్ల మధ్య నలిపి, బారుగా తీసి, కోసి, ముద్ర కొడతారు. ఇదంతా మిషను పనే. మరి మనిషి ఎక్కడ? కాస్టిక్ బస్తా దించే దగ్గర ఉంటాడు. ట్యాంకులోకి దిగి కడిగే దగ్గర, పొడి ఎగిరే దగ్గర, పెట్టెలు మోసే దగ్గర ఉంటాడు. 1969లోనే ఇంగ్లండు డాక్టర్లు బట్టల పౌడరు ఫ్యాక్టరీల్లో ఎంజైము దుమ్ము పీల్చినవాళ్ళకు ఉబ్బసం వస్తోందని రాశారు. బట్టమీద మరక పోగొట్టే పొడి కూలీ ఊపిరితిత్తుల్లో మరక వేసింది.

మా నాతవరం, నర్సీపట్నం వైపు నుంచి కుర్రాళ్ళు తెల్లారకముందే అచ్యుతాపురం, పరవాడ బస్సులెక్కుతారు. అక్కడ ఎక్కువ మందుల కంపెనీలు, రసాయనాల కంపెనీలు, ఆడవాళ్ళకు బట్టల కంపెనీలు. అందంగా ప్యాకింగయి వచ్చే సరుకు ఏదైనా దాని వెనక ఇలాంటి గేటే ఉంటుంది. 2020 మే 7న విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకై 12 మంది చచ్చిపోయారు. దువ్వెనలూ క్రీముల మూతలూ చేసే పాలిస్టైరీన్ ప్లాస్టిక్‌కు ముడిసరుకు ఆ స్టైరీనే. 2022 జూన్‌లో అచ్యుతాపురం సెజ్‌లో విషవాయువుకు వందమందికి పైగా ఆడకూలీలు కుప్పకూలారు. రెండు నెలలు తిరక్కుండానే ఆగస్టులో మళ్ళీ అదే. 2024 ఆగస్టు 21న అదే సెజ్‌లో మందుల కంపెనీ పేలి 17 మంది పోయారు. ప్రతిసారీ కమిటీ, ప్రతిసారీ ఎక్స్‌గ్రేషియా. కమిటీ రిపోర్టు మా పేట దాకా ఎప్పుడూ రాలేదు.

తమిళనాడు కొడైకెనాల్ సంగతి మరీ చెప్పాలి. పాండ్స్ స్నో, పౌడర్ల కంపెనీ 1983లో అమెరికాలోని తన పాదరసం థర్మామీటర్ల ఫ్యాక్టరీని ఎత్తుకొచ్చి కొడైకెనాల్ కొండమీద పెట్టింది. తర్వాత అది హిందుస్థాన్ లీవర్ చేతికొచ్చింది. పాదరసం అంటిన గాజుముక్కలు తుక్కు కొట్టులో దొరికాక 2001లో మూతపడింది. అందులో పనిచేసిన 591 మంది పదిహేనేళ్ళు పోరాడితే 2016లో కంపెనీ రాజీకి వచ్చి డబ్బు కట్టింది. ఆడవాళ్ళ మొహాలకు తెలుపు అమ్మిన కంపెనీ కూలీల ఒంట్లోకి పాదరసం పోనిచ్చింది!

గ్రేడు సబ్బు, తెలుపు క్రీము

సబ్బులో కూడా వర్ణాలున్నాయని ఎంతమందికి తెలుసు? కవరు వెనక సన్న అక్షరాల్లో టీఎఫ్ఎం అని ఉంటుంది, చూడండి. సబ్బులో అసలు కొవ్వు పదార్థం ఎంత ఉందో చెప్పే లెక్క అది. 76 శాతం ఉంటే ఒకటో గ్రేడు, 70 ఉంటే రెండు, 60 ఉంటే మూడు. అంతకన్నా తగ్గితే దాన్ని సబ్బు అనకుండా బాతింగ్ బార్ అంటారు. మన పేటల కొట్ల దాకా వచ్చేది ఏ గ్రేడో మీరే కవరు తిప్పి చదవండి. రోజంతా మట్టిలో, మురికిలో పనిచేసేవాడికి నాసి సబ్బు, ఫ్యాను కింద కూర్చునేవాడికి ఒకటో గ్రేడు. దీన్ని మార్కెట్టు అంటారు. మేము దీన్ని మనుధర్మం అంటాం.

ఇక క్రీము. 1975లో ఫెయిర్ అండ్ లవ్‌లీ వచ్చింది. తెల్లగా ఉంటేనే ఉద్యోగం, తెల్లగా ఉంటేనే పెళ్ళి అని నలభై అయిదేళ్ళు టీవీలో, పేపర్లో, గోడమీద చెప్పి చెప్పి మన పిల్లల చేత అద్దం ముందు ఏడిపించింది. 2020లో అమెరికాలో నల్లవాళ్ళు వీధుల్లోకి వచ్చాక కంపెనీకి సిగ్గేసి పేరులో ఫెయిర్ తీసేసి గ్లో పెట్టింది. పేరు మారింది, గొట్టం అదే. ఇది కాక ఊరూ పేరూ లేని తెలుపు క్రీములు వేరే ఉన్నాయి. కొన్నింటిలో పాదరసం కలుపుతారు. చర్మానికి నలుపునిచ్చే రంగు తయారుకాకుండా పాదరసం ఆపుతుంది. అదే పాదరసం కిడ్నీల్లో దిగుతుంది. కేరళ మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు పూసుకున్నవాళ్ళకు కిడ్నీ జబ్బులు వచ్చిన సంగతి అక్కడి డాక్టర్లే 2023లో బయటపెట్టారు.

అమ్మాయిలూ, మీ నలుపు ఎండలో పనిచేసిన మీ అమ్మమ్మల నలుపు. వరి నాటిన నలుపు, చెరకు నరికిన నలుపు. అనకాపల్లి బెల్లం తీపి అంటారే, ఆ తీపి వెనక ఉన్నది ఈ నలుపే. దాన్ని కడుక్కోవాల్సిన మురికి అని చెప్పినవాడి నోరు కడగాలి ముందు.

రెండున్నర రూపాయల శుభ్రత

ఎస్సీ, ఎస్టీ, బీసీ హాస్టల్ పిల్లలకు ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సబ్బు, నూనె డబ్బును కాస్మెటిక్ ఛార్జీలు అంటారు. పేరు చూడండి! ఒళ్ళు కడుక్కోవడం వాళ్ళ లెక్కలో సోకు. పక్క తెలంగాణలో 2024 దాకా ఎనిమిది నుంచి పది చదివే ఆడపిల్లకు నెలకు 75 రూపాయలు. రోజుకు రెండున్నర. అందులోనే ఒంటి సబ్బు, బట్టల సబ్బు, తలనూనె, పేస్టు, నెలసరి ఖర్చు. ఏళ్ళ తరబడి అడిగితే 2024లో 275 చేశారు. పెంచడం మంచిదే. పెంచేదాకా ఆ రెండున్నరతో బతికిన పిల్లల్ని "హాస్టల్ పిల్లలు వాసనొస్తారు" అని క్లాసులో వెనక బెంచీకి తోసిన పాపం ఎవరిది? మా పక్కన కూడా మా మండలం పిల్లలు చదివే ఒక హాస్టల్లో ఆ డబ్బు నెలల తరబడి పడలేదు. అడిగిన తల్లితో "బడ్జెట్ రాలేదమ్మా, ఇంటికాడి నుంచి ఒక సబ్బు పంపలేవా" అన్నారు.

మున్సిపాలిటీలో చీపురు పట్టే రెల్లి అన్నల సంగతీ అంతే. జీతంతోపాటు సబ్బులు, కొబ్బరినూనె, చెప్పులు ఇవ్వాలని రూలు. ప్రతి సమ్మెలోనూ ఆ సబ్బుల బకాయి ఒక డిమాండుగా ఉంటుంది. ఊరి మురికంతా ఎత్తేవాడు సబ్బు కోసం సమ్మె చెయ్యాలి! 2023 డిసెంబరు 26 నుంచి రాష్ట్రమంతా మున్సిపల్ కార్మికులు పక్షం రోజులకు పైగా చీపుళ్ళు కింద పెడితే తెలిసింది, ఊళ్ళ శుభ్రత ఎవరి చేతుల్లో ఉందో. ఫ్యాక్టరీలో పుట్టిన రూపాయి షాంపూ పాకెట్టు చివరికి చేరేదీ ఆ చేతుల్లోకే. పొరలు పొరలుగా అతికిన ఆ ప్లాస్టిక్కును తుక్కువాడు కూడా కొనడు. కాలవలో ఇరుక్కుంటుంది. కాలవలో దిగేది మన మనిషే. మురుగు గుంటలో చచ్చిపోతే 30 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. చావుకు రేటు పెరిగింది. గుంటలోకి దించడం ఆగలేదు.

మళ్ళీ గొడ్డు ఈడ్చమంటున్నామా?

కొందరు మిత్రులు అడుగుతారు: "కొవ్వు మాది, చవుడు మాది అంటున్నారు, మళ్ళీ కులవృత్తుల్లోకి వెళ్దామంటారా?" కాదు. చచ్చిన గొడ్డును ఈడ్చడం మానమని బాబాసాహెబ్ చెప్పాడు, మానాం. తలమీదకెత్తిన ఆ మురికిని మళ్ళీ ఎత్తుకోం. మేము అడుగుతున్నది లెక్క. మన తెలివి తీసుకుని, మనల్ని కూలీగా పెట్టుకుని, మనకే నాసిరకం అమ్మి, చివరికి మన చేతి సబ్బును అంటు అన్న లెక్క.

ఇంకో సంగతి. పల్లెకు ట్రైనింగు అంటే ఎప్పుడూ ఫినాయిలు, సబ్బు, చీపుర్లే ఎందుకు? కంప్యూటరు ఊళ్ళోకి, కక్కసు కడిగే మందు పల్లెలోకి. ఎవరు నిర్ణయించారు? సరే, సబ్బే నేర్పారు. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టంలో మొదట సబ్బు లేదు. 1982 సవరణతో చేరింది. 2020 రూల్స్ ప్రకారం ఒంటి సబ్బు చేసి అమ్మాలంటే లైసెన్సు కావాలి, స్థలం కావాలి, చదువుకున్న మనిషి కావాలి. చట్టం ఉండడం తప్పని మేమనం. పాదరసం కలిపినవాణ్ణి పట్టాలంటే చట్టం ఉండాల్సిందే. కానీ ట్రైనింగు ఇచ్చిన ఆఫీసర్లు ఈ ముక్క మా ఆడవాళ్ళకు ఎందుకు చెప్పలేదు? ఫోటోకు పనికొచ్చారు, లైసెన్సుకు పనికిరారా?

అందుకని మేము అడుగుతున్నవి ఇవి.

పల్లెలో సబ్బు నేర్పితే లైసెన్సూ, షెడ్డూ, పెట్టుబడీ కూడా ఇవ్వాలి. ఆ సబ్బును ప్రభుత్వ హాస్టళ్ళూ, ఆస్పత్రులూ కొనాలి. కొట్టాయన కొనకపోతే సర్కారు కొనాలి. మన పిల్లల ఒంటికి మన తల్లులు చేసిన సబ్బు.

గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టింది. విశాఖలోనే దాని పెద్దాఫీసు. కుంకుళ్ళు, శీకాయ కొంటుంది, సబ్బులు అమ్ముతుంది. మంచిదే. కానీ నాతవరం పై ఊళ్ళ ఆదివాసీలు అయిదో షెడ్యూలులో తమను చేర్చమని ఇంకా అడుక్కుంటూనే ఉన్నారు. వాళ్ళను చేర్చాలి. కాయ ఏరినవాడు కూలీగా మిగలకూడదు, సబ్బు లాభంలో వాటాదారు కావాలి.

కాస్మెటిక్ ఛార్జీలు ప్రతి నెలా ఒకటో తారీకున పడాలి. మున్సిపల్ కార్మికుల సబ్బూ నూనె బకాయి లేకుండా ఇవ్వాలి. అచ్యుతాపురం, పరవాడ కంపెనీల్లో ఏ ట్యాంకులో ఏ విషం ఉందో గేటు బయట తెలుగులో రాసి పెట్టాలి. కాంట్రాక్టు కూలీ చచ్చాక వచ్చే కమిటీ కన్నా బతికుండగా వచ్చే ఇన్‌స్పెక్టరు కావాలి.

మా వదిన గంపలోని సబ్బులు పారెయ్యలేదు. పల్లెలో ఇంటింటికీ ఒకటి పంచింది. ఆ సబ్బుతోనే మేము ఒళ్ళు కడుక్కుంటున్నాం. ఒంటి మురికి పోతోంది. కొట్టాయన మనసులో ఉన్న మురికికి మాత్రం ఏ కంపెనీ సబ్బూ చాలదు. దాన్ని కడగాల్సింది మనమే, ఉద్యమంతోనే.

జై భీమ్!